పిలిచినంత మేర

పొద్దున్నే ఐసు ఫ్యాక్టరీ తలుపులు తెరవగానే ముందుగా బయటికొచ్చేది చలి. ఆ వెనకే ఐసాయన వస్తాడు, భుజాన గోనెపట్టా, చేతిలో కొక్కెం. ఉప్పునీళ్ళ తొట్టిలోంచి రేకు డబ్బాలు పైకి లాగి, మామూలు నీళ్ళలో ఒకసారి ముంచి బోర్లిస్తే దిమ్మ జారి కింద పడుతుంది. దాన్ని నిలవగదిలో రంపపు పొట్టు మీద పేరుస్తాడు. బేరాలొచ్చినప్పుడు ఆ గది గోడకున్న చిన్న కిటికీలోంచి వీధి అరుగు మీదికి జారుస్తాడు. చేపలవాళ్ళూ పళ్ళరసాలవాళ్ళూ అక్కడ కాచుకుని ఉంటారు. ఫ్యాక్టరీ పైన మేడ మీదే ఆయన ఇల్లు. ఇంట్లో ఆయన తల్లి, ఏడేళ్ళ కూతురు పిచ్చుక, ఆమధ్య రెండో పెళ్ళి చేసుకుని తెచ్చుకున్న భార్య.

ఆ ఊళ్ళో మనుషులు పిలిచినంత మేరే కనిపిస్తారు. డాక్టరు గారిని అందరూ డాక్టరు గారూ అనే అంటారు కాబట్టి తెల్లకోటు, మెడలో గొట్టం, మందులు రాసే చెయ్యి కనిపిస్తాయి. ఆయనది బట్టతలా కాదా అని పందేలు కాసినవాళ్ళున్నారు, తేలక చాలించుకున్నారు. ఐసాయనంటే భుజాలు, కొక్కెం. పిచ్చుకని పిచ్చుక అన్నారు కాబట్టి ఆ పిల్ల నిద్రపోతున్నా గెంతుతున్నట్టే కనపడుతుంది. మరి పేర్లు లేవా అంటే, ఎందుకు లేవు, ఉన్నాయి. పుట్టినప్పుడు పెడతారు, పెళ్ళిలో ఒకసారి చదువుతారు, ఆ తరవాత ఎవరూ ఎత్తరు. పేరు పెట్టి పిలిస్తే మనిషి ఆసాంతం కనిపించేస్తాడు మరి. స్నానాలగది తలుపు తోసుకుని వెళ్ళడం ఎంత మర్యాదో అదీ అంతే.

కొత్తగా వచ్చిన భార్యని వీధివాళ్ళు కొత్తావిడ అన్నారు. అందుకని వాళ్ళకి ఆవిడ కొత్త చెప్పులూ, మడత నలగని చీరా కనిపించేవి. కొన్నాళ్ళు బాగానే నడిచింది. తరవాత చెప్పులు అరిగాయి, చీరలు ఉతికి ఉతికి వెలిశాయి. ఒకరోజు ఆవిడ ఎదురుగా నిలబడి ఉండగానే కూరలామె చుట్టూ చూసి, "ఇందాక ఎవరో వంకాయలడిగారు, ఏరీ?" అంది.

"నేనేనండీ. ఇక్కడే ఉన్నాను."

"మీరా? కనపళ్ళేదు, ఏమనుకోకండి," అని కూరలామె సంచీని గాల్లోకి చాపింది.

అందులో కూరలామె తప్పేమీ లేదు. అయినా ఆవిడ దారంతా తన నీడని చూసుకుంటూ ఇంటికొచ్చింది.

ఇంట్లో మాత్రం ఏం తక్కువని. ఐసాయన ఆవిడని "ఇదిగో" అంటాడు. ఇదిగో, మంచినీళ్ళు. ఇదిగో, తువ్వాలు. అంచేత ఆయనకి అందించే చేతులు కనిపిస్తాయి. చెడ్డవాడేం కాదు. ఆ చేతుల్ని చూసి మురిసిపోయేవాడు, వేలు తెగితే తనే మందు రాసేవాడు. చేతుల వెనక ఇంకా మనిషి ఉంటుందని మాత్రం ఆయనకి తోచలేదు. ఆవిడా తక్కువ తినలేదు. "ఏమండీ, ఏమండీ" అని పిలిచి పిలిచి ఆయన చెవులు తప్ప ఇంకేమీ ఎరగదు. అత్తగారైతే ఆ మాత్రం కూడా పిలవదు. "అక్కడెవరున్నారు, పాలు పొంగుతున్నాయి చూడండి," అంటుంది. ఆవిడకి కనిపించేది తలుపు చాటుకి తప్పుకునే కొంగు చివర.

పిచ్చుకకి అసలేమీ కనపడదు, ఎందుకంటే పిచ్చుక ఏమీ పిలవదు.

ఆ పిల్ల తల్లి పోయి ఏడాది దాటింది. పిలిచేవాళ్ళుంటే పోయినవాళ్ళు కూడా ఆ ఊళ్ళో కనిపిస్తారు. పిచ్చుక రోజూ పొద్దున లేచి వీధివైపు కిటికీ దగ్గరికెళ్ళి "అమ్మా" అంటుంది. కిటికీ పక్క కుర్చీలో జడ అల్లుకుంటూ కూచున్న అమ్మ సగం జడతో ఇటు తిరుగుతుంది. అంతే, మాట్లాడదు. పిచ్చుకకి అదే పదివేలు. అయితే ఒక నోటి నుంచి వచ్చే ఒక పిలుపుకి ఒకరే పలుకుతారు. ఆ పిలుపు కొత్తావిడకిచ్చేస్తే కుర్చీ ఖాళీ అయిపోతుంది. ఇది పిచ్చుకకి తెలుసు. పెద్దవాళ్ళకీ తెలుసు.

పిన్నీ అనమంటే, అమ్మ చెల్లెలు ఒకావిడుంది, ఆ పిలుపు ఆవిడది. ఆంటీ అనమంటే, ఆ మాటకి వీధిలో ఆడవాళ్ళందరూ ఒకే మొహంతో కనిపిస్తారు, ఎవరు ఎవరో తెలీదు. "అవేం కుదరవు," అని నాయనమ్మ తేల్చేసింది. "అమ్మా అనే పిలవాలి. ఇంటికో అమ్మ ఉండాలి. పోయినావిడ ఎన్నాళ్ళని కూచుంటుంది పాపం."

ఈలోగా పిచ్చుక హడలి చస్తోంది. మంచినీళ్ళ గ్లాసు దానంతటదే లేచి తనవైపు వస్తుంది. వంటగదిలో ఎవరూ లేకుండా గరిటె తిరుగుతుంది. ఒకసారి దువ్వెన గాల్లో తేలుతూ తల దగ్గరికి రాబోతే ఆ పిల్ల మంచం కిందికి దూరి గోడకి అతుక్కుపోయింది. మంచం పక్కన నేల మీద ఎవరో కూచున్న చప్పుడైంది. "జడ వేస్తానంతే," అని ఎవరిదో గొంతు. పిచ్చుక చెవులు మూసుకుంది. కాసేపటికి దువ్వెన మంచం మీద పడుకుంది. ఆ తరవాత ఇంకెప్పుడూ అలా రాలేదు.

కొత్తావిడకి ఆ పిల్ల మీద కోపం రాలేదు. భయం మాత్రం వేసింది, తన గురించే. ఆవిడని ముద్దుపేరుతో పిలిచే నాన్న ఈ పెళ్ళికి ముందే పోయాడు. ఇంక పిలిచేవాళ్ళు లేరు. ఎవరూ పిలవని మనిషి చివరికి తన కంటికే ఆనదు. ముందు ఎప్పుడో వీపు పోయి ఉంటుంది, వీపు ఎవరు చూసుకుంటారు గనక. తరవాత భుజాలు పోయాయి. ఒకరోజు పొద్దున అద్దం ముందు నిలబడితే మొహం ఉండాల్సిన చోట వెనకాల గోడ, గోడకి కొట్టిన మేకు కనిపించాయి. చేత్తో తడిమి చూసుకుంటే మొహం అక్కడే ఉంది, చెమటతో తడిసి. ఆవిడ అద్దాన్ని గోడవైపు తిప్పేసింది.

దర్జీ వాళ్ళింట్లో ఏం జరిగిందో ఊరంతా ఎరిగిందే. దర్జీ అక్కగారొకావిడ ఇలాగే తగ్గుతూ తగ్గుతూ వచ్చింది. కనపడకుండా పోయాక కొన్నాళ్ళు ఆవిడకి కంచం పెట్టారు. కంచంలో అన్నం అయిపోయేది. తరవాత పనుల్లో పడి ఒకరోజు పెట్టడం మర్చిపోయారు, ఆ మర్నాడూ మర్చిపోయారు. ఇప్పుడా ఇంట్లో ఒక గది తలుపు దానంతటదే తెరుచుకుంటూ ఉంటుంది. గాలి అంటారు.

"ఏమండీ, నేను తగ్గిపోతున్నాను," అంది ఆవిడ భర్తతో.

ఐసాయన చేతులు పట్టుకుని తిప్పి తిప్పి చూశాడు. "బాగానే ఉన్నాయిగా."

"చేతులు కాదండీ."

"ఆదివారం అన్నీ సర్దుకుంటాయిలే. అమ్మ చుట్టాలకి కబురు పెట్టింది. అందరి ముందూ పిచ్చుక నిన్ను అమ్మా అని పిలుస్తుంది. ఇంకేం కావాలి?"

ఇంకేం కావాలి. ఆవిడకి ఆ పిలుపు కావాలి. ఒకరోజు కిటికీ దగ్గర ఊడుస్తుంటే పిచ్చుక వచ్చి "అమ్మా" అంది. ఏంటమ్మా అన్న మాట ఆవిడ నోటిదాకా వచ్చేసింది. పలికి ఉంటే అక్కడితో అయిపోయేది, పిలుపు తనదైపోయేది. మింగేసి, చీపురు అక్కడే పడేసి వంటగదిలోకి పరిగెత్తింది. పరాయి బిడ్డ తల్లిని లాక్కోబోయానే అని తనని చూసి తనకే భయమేసింది. పెళ్ళికి ముందు ఆవిడ ఐసాయనని ఒకే ఒక్క సంగతి అడిగింది, మొదటి భార్య పేరేమిటని. ఆయన నసిగి నసిగి చెప్పాడు. ఆ పేరుని ఆవిడ ఎన్నడూ పైకి అనలేదు. పోయిన మనిషి స్నానాలగది తలుపు తోయడానికి తనెవరు? తన పేరు మాత్రం ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు. పెళ్ళిలో చదివారు గానీ అప్పుడు ఐసాయన చెప్పులెక్కడున్నాయో చూసుకుంటున్నాడు.

ఆదివారం ఫ్యాక్టరీకి సెలవు. పొద్దున్నే ఐసాయన చుట్టాల్ని తీసుకురావడానికి బస్టాండుకెళ్ళాడు. నాయనమ్మ కుర్చీలు తుడిపించి, పిచ్చుకకి కొత్త గౌను తీసి పెట్టి, స్నానానికెళ్ళింది. ఆవిడ వచ్చేసరికి గౌను మంచం మీదే ఉంది, పిల్ల లేదు.

కొత్తావిడ మేడంతా వెతికి కిందికి దిగింది. మిషను ఆగి ఉంది. నిలవగది బయట పిచ్చుక చెప్పు ఒకటి పడి ఉంది. దాని పక్కనే చెక్కముక్క. ఆ గది తలుపు జానెడు మందం, తనంతట తనే మూసుకుంటుంది, బయట గడియ దానంతటదే పడుతుంది. లోపలికెవరు వెళ్ళినా తలుపు కింద చెక్కముక్క దోపి మరీ వెళ్ళాలి. ఫ్యాక్టరీలో అడుగుపెట్టిన ప్రతివాళ్ళకీ ఐసాయన చెప్పే మొదటి మాట అదే. కొత్తావిడ గడియ ఎత్తింది. దిమ్మల మధ్య ముడుచుకుని, పెదాలు నీలంగా, పిచ్చుక కనిపించింది. ఆవిడ ఒక్క ఉదుటున లోపలికెళ్ళింది. చెక్కముక్క గురించి గుర్తొచ్చేలోగా వెనక టక్కుమని గడియ పడింది.

తలుపు బాదింది. అరిచింది. ఆ తలుపు చలినే బయటికి పోనివ్వదు, మాటనేం పోనిస్తుంది. ఇంక ఉన్నదల్లా దిమ్మలు జార్చే కిటికీ. పెద్దవాళ్ళు పట్టరు గానీ పిల్ల పడుతుంది. దానికి అడ్డంగా దిమ్మలు పేర్చి ఉన్నాయి. ఆవిడ ఒట్టి చేతులతో వాటిని లాగడం మొదలుపెట్టింది.

పిచ్చుకకి ఇదంతా ఎలా కనిపించి ఉంటుందో చెప్పాలా? చీకటిగదిలో మంచుదిమ్మలు వాటంతటవే కదులుతున్నాయి. ఎవరిదో ఊపిరి ఎగపోస్తోంది. కిటికీ తలుపు దానంతటదే తెరుచుకుంది, పడిన వెలుతురులో కూడా ఎవరూ లేరు, సెలవురోజు కాబట్టి అవతల అరుగు మీదా ఎవరూ లేరు. అంతలో మంచులాంటి చేతులు రెండు వచ్చి చంకల కింద పట్టుకున్నాయి. పిల్ల కెవ్వుమని అరిచి, దొరికిన చోట కొరికి, మళ్ళీ దిమ్మల వెనక్కి దూరిపోయింది.

"పిచ్చుకా, నేనే. భయపడకు."

"నేనంటే ఎవరు?"

ఏమని చెప్పాలి? ఇదిగో అని చెప్పాలా, అక్కడెవరున్నారు అని చెప్పాలా? ఆవిడ పొట్టులో కూలబడింది.

"నేను నిన్ను అమ్మా అనను," అంది పిచ్చుక. పళ్ళు కటకట కొట్టుకుంటున్నాయి. "అంటే అమ్మ వెళ్ళిపోతుంది."

"అనొద్దు. నువ్విచ్చినా నేను తీసుకోను."

"నిజంగానా?"

"నిజంగా. ముందు బయటికెళ్ళు. నేను ఎత్తుతాను, కిటికీలోంచి జారిపో."

"నువ్వు కనపడవు. నాకు భయమేస్తోంది. నేను రాను." ఆ పిల్ల ఏడుపు అందుకుంది. ఆ ఏడుపు కూడా సన్నగిల్లుతోంది. తరవాత అడిగింది, "మరి నిన్నేమని పిలవాలి?"

ఆ ఇంట్లో ఆ మాట అడిగిన మొదటి మనిషి పిచ్చుక.  ఆవిడకి అప్పటిదాకా కనపడకుండా పోతానన్న భయం, ఇప్పుడు మొత్తం కనపడిపోతానన్న భయం.

"నాకూ ఒక పేరుంది," అంది.

"పేరు పెట్టి పిలిస్తే నాయనమ్మ వీపు చీరేస్తుంది."

"నాయనమ్మ బయటుంది. మనం లోపలున్నాం."

పిచ్చుక ఆలోచించింది. పాక్కుంటూ ఇవతలికొచ్చి చెవి అప్పగించింది. ఆవిడ చెప్పింది. ఆ పేరు నాకూ తెలుసు గానీ మీకు చెప్పను. ఆవిడకి మీతో పరిచయం లేదు.

పిచ్చుక ఆ పేరుని నెమ్మదిగా పలికింది. ఎదురుగా పొట్టులో ఒక మనిషి కూచుని ఉంది. తను అనుకున్నంత పెద్దది కాదు. ముందు పన్ను ఒకటి కొస విరిగి ఉంది. ఎడమ కనుబొమని చీలుస్తూ పాత మచ్చ. జుట్టు నిండా పొట్టు. అరచేతులు చీరుకుపోయి ఉన్నాయి, మణికట్టు మీద తన పళ్ళ గుర్తులు. పెదాలు తన గోళ్ళకన్నా నీలంగా ఉన్నాయి. కళ్ళు మాత్రం పిచ్చుకకి బాగా తెలిసినవే, మంచం కింద దాక్కున్నప్పుడు తన కళ్ళు అలాగే ఉండి ఉంటాయి.

"నీకూ భయమేస్తోందా?"

"చాలా."

పెద్దవాళ్ళకి భయమేస్తుందని అంతవరకూ పిచ్చుకకి తెలీదు. నాన్నా అంటే అది కనపడదు, నాయనమ్మా అంటే అసలే కనపడదు. ఇద్దరిలో తనే ధైర్యంగా ఉండాలేమో అనుకుంది. చేతులు పైకి చాపింది. ఆవిడ ఎత్తి కిటికీలో పెట్టింది. పిచ్చుక దిమ్మలాగే జారి అరుగు మీద పడింది.

పిచ్చుక అరుపు విని అప్పుడే అందరూ అరుగు ముందుకి పరిగెత్తుకొచ్చారు. ఐసాయన, నాయనమ్మ, బస్టాండునుంచి వచ్చిన పెద్దనాన్న, అత్తయ్య, వాళ్ళ పిల్లలు. అందరూ ఒకేసారి మీద పడ్డారు. పిచ్చుక నాన్న చొక్కా పట్టుకుని లాగింది. "లోపలుంది. ఆవిడ లోపలుంది."

ఐసాయన ఫ్యాక్టరీలోకి పరుగెత్తాడు, అందరూ వెనకే వెళ్ళారు. గడియ ఎత్తాడు, చెక్కముక్క దోపాడు, లోపలికెళ్ళాడు. "ఇదిగో," అని పిలిచాడు. దిమ్మల మీదా దిమ్మల వెనకా చేతుల కోసం చూశాడు. "ఇదిగో, ఇదిగో." చేతులు ఎక్కడా లేవు. కొంకర్లు పోయిన చేతుల్ని ఆవిడ చంకల్లో దాచుకుని గోడవారగా ముడుచుకుని ఉంది. పలకడానికి గొంతు లేదు. ఐసాయన ఆవిడ పక్కనించే నడిచి బయటికొచ్చాడు.

"ఎవరూ లేరు. పైన ఉండుంటుంది."

"పిల్ల బెదిరింది," అంది నాయనమ్మ. "ముందు పొడిబట్టలు మార్చండి."

"తలుపు వేసెయ్యరా, చలంతా పోతోంది," అన్నాడు పెద్దనాన్న.

ఐసాయన వంగి చెక్కముక్క మీద చెయ్యి వేశాడు.

తెరిచిన తలుపులోంచి పిచ్చుకకి ఆవిడ కనిపిస్తూనే ఉంది. తల మెల్లగా ఒక పక్కకి వాలుతోంది. ఇటు నాయనమ్మ చెయ్యి ఎంత బరువో వీపుకి తెలుసు. ఇంతమంది చుట్టాల ముందు ఒక పెద్దావిడని పేరు పెట్టి పిలిచిన పిల్ల ఆ ఊళ్ళో లేదు. పైన కుర్చీ ఖాళీ అయిపోతుందేమో, అదీ ఏమో. పిచ్చుకకి గౌను తడిసిపోయేంత భయమేసింది. కళ్ళు మూసుకుని, ఉన్న గొంతంతా పెట్టి ఆ పేరు పిలిచింది. మళ్ళీ పిలిచింది.

అత్తయ్య పిల్లల కళ్ళు మూసింది. పెద్దనాన్న గోడవైపు తిరిగిపోయాడు. నాయనమ్మ చెయ్యెత్తింది గానీ పేరు చెవిన పడ్డాక చూడకుండా ఉండడం ఎవరి తరమూ కాదు. ఆవిడ కూడా చూసింది. ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. "ఇంత చిన్నదా," అంది చివరికి.

ఐసాయన తన భార్య మొహం చూడడం అదే మొదటిసారి. ఆయన చేతిలోంచి చెక్కముక్క జారిపోయింది. ఇంత మనిషిని లోపల పెట్టి తలుపు వేసెయ్యబోయానే అనుకుంటూ దాన్ని మళ్ళీ తలుపు కింద దోపాడు. వెళ్ళి ఎత్తుకుని తీసుకొచ్చాడు. మెట్లెక్కుతున్నంతసేపూ ఆ మొహాన్నే చూస్తూ రెండుసార్లు తూలాడు.

ఆ ఆదివారం ఎవరూ ఎవర్నీ అమ్మా అని పిలవలేదు. చుట్టాలు కాఫీలు తాగి, గోడలు చూస్తూ మాట్లాడి వెళ్ళిపోయారు. నాయనమ్మ తన దుప్పటి తెచ్చి కోడలి మీద కప్పింది. పిచ్చుకతో మాట్లాడడం మానేసింది, పొద్దు వాలేదాకా.

మర్నాడు పొద్దున పిచ్చుక గుండె చిక్కబట్టుకుని కిటికీ దగ్గరికెళ్ళింది. "అమ్మా," అంది. అమ్మ సగం జడతో ఇటు తిరిగింది. పిచ్చుక కూలబడి ఏడ్చేసింది. వెనకనించి కట్లు కట్టిన చెయ్యి ఒకటి వచ్చి తల మీద ఆనింది. తిరిగి చూస్తే చెయ్యి వెనక మనిషి మొత్తం ఉంది. గోడవైపు తిప్పిన అద్దం మళ్ళీ ఇటు తిరిగి ఉంది.

"అమ్మకీ పేరుందా?" అంది పిచ్చుక.

"ఉంది."

"నీకు తెలుసా?"

ఆవిడ వంగి చెవిలో చెప్పింది. పిచ్చుక ఆ పేరుని నోట్లోనే ఉంచుకుని చాలాసేపు నిలబడింది. సగం జడ, ఇటు తిరిగే తల, ఇంతకాలం అమ్మంటే అదే. ఇంకా ఏముంటుందో అని భయం. కట్టు కట్టిన చేతిని గట్టిగా పట్టుకుని, పిలిచింది.

కుర్చీలో మనిషి ఆసాంతం కనిపించింది, ఇద్దరికీ. జ్వరంతో పీక్కుపోయిన బుగ్గలు, ఎముకలు తేలిన భుజాలు. ఆ కళ్ళలో ఎంత భయం ఉందంటే పిచ్చుక ఒక అడుగు వెనక్కేసింది. ఈ పిల్లనెవరు చూస్తారన్న భయం అది. పోయేటప్పటి భయం, ఏడాది పైగా అలాగే ఉండిపోయింది. ఆ కళ్ళు పిచ్చుక మొహం మీంచి కిందికి దిగి, కట్టు కట్టిన చేతిని పట్టుకున్న చిన్న చేతి దగ్గర ఆగాయి. చాలాసేపు అక్కడే ఉన్నాయి. తరవాత అమ్మ జడని ఒళ్ళోకి లాక్కుని, మిగిలిన సగం చివరిదాకా అల్లుకుని, ముడి వేసుకుంది.

కిందనించి ఐసాయన గొంతు వినిపించింది. "ఇదిగ..." అని ఆగిపోయింది.  తరవాత మెట్ల మీంచి, సిగ్గుపడుతూ, నోరు తిరగక తిరగక, ఆవిడ పేరు పైకొచ్చింది.

ఏమండీ అని పలకబోయి ఆవిడ ఆగింది. ఆయన పేరేమిటో ఆవిడకీ తెలుసు.